సీజన్‌ రాకముందే ఓటు సరిచూసుకోండి

గుంటూరు మిర్చి యార్డులో ఎవరినైనా ఆపి తేజ రకం క్వింటా ఎంత పలుకుతోందని అడగండి. ఆలోచించకుండా చెబుతారు. కోల్డ్‌ స్టోరేజీలో తన టిక్కీలు ఎన్ని ఉన్నాయో, బాండు ఏ బీరువాలో పెట్టాడో కూడా చెబుతాడు రైతు. అదే మనిషిని మీ ఓటు ఏ పోలింగ్‌ కేంద్రంలో ఉంది, జాబితాలో మీ వరుస సంఖ్య ఎంత అని అడిగితే మాత్రం ఎన్నికలప్పుడు స్లిప్పు ఇస్తారు కదా అంటాడు. ఈ అధ్యాయమంతా ఆ ఒక్క జవాబును మార్చడానికే రాస్తున్నాను.

ఓటు వేయడం ఒక్క పూట పని. ఓటు నిలబెట్టుకోవడం మాత్రం ఏటా చేయాల్సిన పని, అదీ ఎన్నికల ఊసు లేని రోజుల్లో. దరఖాస్తు ఫారాలు మారుతున్నాయి, ఆన్‌లైన్‌ పద్ధతులు మారుతున్నాయి, ఇంటి దగ్గర ఓటేసే వయసు మారుతోంది. రేపు ఇంకేం మారుతుందో తెలియదు. ఏటా ఒకసారి తన పేరు తాను చూసుకునే అలవాటున్నవాడికి ఏ మార్పు వచ్చినా నష్టం లేదు. ఆ అలవాటు లేనివాడికి తెలిసేది పోలింగ్‌ రోజున, క్యూలో గంటసేపు నిలబడ్డాక. అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు.

మన ప్రాంతానికే ఈ జాగ్రత్త ఎందుకు ఎక్కువ కావాలి

2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభకూ లోక్‌సభకూ కలిపి పోలింగ్‌ జరిగింది. పోస్టల్‌ బ్యాలెట్లతో కలిపి రాష్ట్రంలో 81.86 శాతం నమోదైంది. ప్రకాశం జిల్లా దర్శి నియోజకవర్గంలో 90.91 శాతం, రాష్ట్రంలో అదే అత్యధికం. మెట్ట పొలాలు, చాలని నీళ్లు, వలసపోయే కుటుంబాలు ఉన్న చోట పదిమందిలో తొమ్మిదిమంది ఓటేశారంటే మనవాళ్లకు ఓటు మీద శ్రద్ధ లేదని ఎవరూ అనలేరు. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి బస్సుల్లో నిలబడి వచ్చి ఓటేసి వెళ్లారు.

అయితే ఆ శాతం జాబితాలో పేరున్నవాళ్ల మీద కట్టిన లెక్క. పేరు లేనివాడు ఓటేసినవాళ్లలోనూ రాడు, వేయనివాళ్లలోనూ రాడు. పోయిన ఓటు ఏ లెక్కలోనూ కనపడదు కాబట్టే దాని గురించి ఎవరికీ బాధ కలగదు.

మన గుంటూరు, ఒంగోలు ప్రాంతం మనుషులను పిలుచుకుంటుంది, మనుషులను పంపిస్తుంది. పత్తి తీతకు, మిరప కోతకు ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి, అంటే సీజన్‌ కూలికి, వచ్చి గుంటూరు, పల్నాడు జిల్లాల చేల గట్ల మీద గుడారాలు వేసుకుంటాయి. కనిగిరి, పొదిలి వైపు నుంచి బేల్దారి పనికి హైదరాబాదు, బెంగళూరు పోతారు. తెనాలి, నరసరావుపేట, ఒంగోలు పిల్లలు చదువులకు అమెరికా వెళతారు. ఆడపిల్ల పెళ్లయి పెదనందిపాడు నుంచి చిలకలూరిపేట వెళుతుంది. వీళ్లందరి విషయంలో జాబితా అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ మనిషి ఏ ఊరివాడు?

రెండో చిక్కు కాలానిది. ఏటా జరిగే ఓటరు జాబితా సవరణలో ముసాయిదా సాధారణంగా అక్టోబరు, నవంబరు నెలల్లో వస్తుంది. అభ్యంతరాలు చెప్పుకోవడానికి నెల రోజులో కాస్త ఎక్కువో గడువిస్తారు. జనవరిలో తుది జాబితా. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇక్కడ పత్తి తీత జోరుగా ఉంటుంది, ఆ వెంటనే మిరప కోతలు. ఇంట్లో మనిషి ఉండడు, ఉన్నా తీరిక ఉండదు. ముసాయిదా పంచాయతీ ఆఫీసు గోడకు అంటించి ఉంటుంది, చదివేవాళ్లు చేలో ఉంటారు. కాబట్టి ఓటు సరిచూసుకునే పనిని వానకాలంలోనే, విత్తనాలు పెట్టి ఊపిరి పీల్చుకునే రోజుల్లోనే పూర్తి చేసుకోండి.

మొదటి అడుగు: మీ ఊరు ఏదో మీరే తేల్చుకోండి

1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం మనిషి సాధారణంగా ఎక్కడ నివసిస్తాడో అక్కడే ఓటు. దీని మీద ఊళ్లలో రెండు అపోహలున్నాయి.

ఒకటి, సొంత ఇల్లుంటే చాలు, ఓటు అక్కడే ఉంచుకోవచ్చన్నది. చట్టం అలా అనలేదు. ఇల్లు ఉన్నంత మాత్రాన ఆ ఊళ్లో నివసిస్తున్నట్టు కాదని స్పష్టంగా చెప్పింది. భార్యాపిల్లలతో పదేళ్లుగా హైదరాబాదులో స్థిరపడి, సంక్రాంతికి మాత్రమే వచ్చేవారి ఓటు హైదరాబాదులోనే ఉండాలి.

రెండోది, ఆరు నెలలు బయటికి పోతే ఓటు పోతుందన్నది. ఇదీ తప్పే. తాత్కాలికంగా ఊళ్లో లేనంత మాత్రాన ఆ ఊరివాడు కాకుండా పోడని అదే చట్టం చెబుతోంది. సుగ్గికి వచ్చిన కుటుంబం ఓటు కోసిగిలోనే ఉంటుంది. సీజన్‌ చూసుకుని తిరిగొచ్చే బేల్దారి మేస్త్రీ ఓటు కనిగిరిలోనే ఉంటుంది.

ఈ రెంటి మధ్యా మీరు ఎక్కడున్నారో ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోండి. రెండు చోట్లా పేరు ఉంచుకుందాం, ఏదో ఒకటి పనికొస్తుందిలే అనుకోవద్దు. రెండుచోట్ల నమోదు చట్టవిరుద్ధం. తెలిసీ తప్పుడు ప్రకటన ఇస్తే ఏడాది వరకు జైలు, జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఎవరైనా రెండు నియోజకవర్గాల్లో ఓటేస్తే ఆ రెండు ఓట్లూ చెల్లవని 1951 చట్టం చెబుతోంది. 2024లో తెలంగాణ లోక్‌సభ పోలింగ్‌ కూడా అదే మే 13న జరిగింది. రెండు రాష్ట్రాల్లోనూ పేరున్నవారు ఏదో ఒకటి ఎంచుకోక తప్పలేదు. ఆ ఎంపిక ముందే చేసుకుని, రెండో పేరును మీరే తీయించుకోవడం నిజాయితీగల పౌరుడి పని.

గుమ్మం దగ్గర మాట

ఓట్లు ఎక్కువగా పోయేది కంప్యూటరులో కాదు, గుమ్మం దగ్గర. బీఎల్వో అంటే మన పోలింగ్‌ కేంద్రం జాబితా చూసే మనిషి. ఊళ్లో పనిచేసే అంగన్‌వాడీ టీచరో, బడి పంతులో, సచివాలయ ఉద్యోగో అయివుంటారు. ఆమె సవరణ రోజుల్లో ఇంటికి వస్తుంది. కనిగిరి పక్క పల్లెలో ఆ సంభాషణ ఇలా సాగుతుంది.

"పిన్నీ, మీ పెద్దోడు ఊళ్లోనే ఉండాడా?"

"యాడుంటాడమ్మా, హైదరాబాదులో గదా ఉండేది."

అంతే. తల్లి అన్నదాంట్లో అబద్ధం లేదు. కానీ జాబితాలో ఆ పేరు పక్కన "వలస వెళ్లారు" అని గుర్తు పడటానికి ఆ మాట చాలు. తర్వాత నోటీసు వస్తుంది, తీసుకునేవాళ్లు ఉండరు, పేరు పోతుంది. అదే తల్లికి ముందే చెప్పి ఉంచితే జవాబు ఇలా ఉంటుంది:

"పనికి పోయినాడమ్మా. పెళ్లాం బిడ్డలు ఇక్కడే ఉండారు, రేషన్‌ కార్డూ ఇక్కడే. సీజన్‌ అయిపోగానే వస్తాడు. ఓటు ఇక్కడే ఉండాల."

ఇదీ నిజమే, పూర్తి నిజం. పనికి బయలుదేరేటప్పుడు బియ్యం, బట్టలు సర్దుకుంటారు, ఇంట్లో ముసలివాళ్లకు మందులు ఎక్కడున్నాయో చెబుతారు. వాటితో పాటు ఈ మాట కూడా చెప్పి వెళ్లండి. మీ బీఎల్వో ఫోన్‌ నంబరు తీసుకుని తలుపు వెనకాల రాసి పెట్టండి. 1950కి ఫోన్‌ చేసినా వివరాలు చెబుతారు.

రెండో అడుగు: సరైన ఫారం, సరైన అక్షరం

2022 ఆగస్టు 1 నుంచి ఫారాలు మారాయి. పాతకాలపు 8ఏ వంటివి పోయాయి. ఇప్పుడు గుర్తుంచుకోవాల్సినవి కొన్నే.

కొత్త ఓటుకు ఫారం 6. ఇదివరకు జనవరి 1 నాటికి 18 ఏళ్లు నిండితేనే ఆ ఏడాది అవకాశం, లేకపోతే మరో ఏడాది ఆగాలి. ఇప్పుడు జనవరి 1, ఏప్రిల్‌ 1, జులై 1, అక్టోబరు 1 అని నాలుగు తేదీలున్నాయి. 17 నిండినవారు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇంటర్‌ రెండో ఏడాది పిల్లలున్న ఇంట్లో ఈఏపీసెట్‌ దరఖాస్తుతో పాటు ఈ దరఖాస్తు కూడా పెట్టించండి.

ఊరు మారినా, వీధి మారినా, పేరులో తప్పున్నా, కార్డు పోయినా, వైకల్యం నమోదు చేయించాలన్నా అన్నిటికీ ఫారం 8 ఒక్కటే. పెళ్లయి అత్తవారింటికి వెళ్లిన అమ్మాయి ఫారం 6 పెడితే ఆమె పేరు రెండుచోట్ల పడుతుంది. ఆమె పెట్టాల్సింది ఫారం 8, అందులో నివాసం మార్పు.

పేరు తొలగింపునకు, అభ్యంతరానికి ఫారం 7. విదేశాల్లో ఉన్న భారత పౌరులకు 6ఏ. ఆధార్‌ సంఖ్య ఇవ్వడానికి 6బీ. ఓటుకు ఆధార్‌ తప్పనిసరి కాదని ఎన్నికల సంఘమే 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టుకు చెప్పింది. ఆధార్‌ ఇవ్వలేదు కాబట్టి ఓటు రాదని ఎవరైనా అంటే నమ్మవద్దు.

ఇవన్నీ ఎన్నికల సంఘం ఓటర్ల పోర్టల్‌లోనూ, ఫోన్‌ యాప్‌లోనూ ఉచితంగా పెట్టుకోవచ్చు. ఒక్కచోట మాత్రం చూపు నిలపండి. మీరు ఇంగ్లిషులో పేరు కొట్టగానే పక్క గడిలో తెలుగు దానంతటదే వస్తుంది. అది చాలాసార్లు తప్పుగా వస్తుంది. కోటయ్య కొటయ్య అవుతాడు, శేషమ్మ సెషమ్మ అవుతుంది. తెలుగు గడిలో వేలు పెట్టి సరిదిద్దాకే ముందుకు వెళ్లండి. తొందరలో వదిలేసిన ఆ దీర్ఘమే రేపు కార్డు మీద అచ్చవుతుంది. దరఖాస్తు పంపాక వచ్చే రిఫరెన్సు నంబరును స్క్రీన్‌షాట్‌ తీసి ఇంట్లో ఇంకొకరి ఫోనుకు కూడా పంపండి. పోర్టల్‌లో ఆ నంబరు కొట్టి దరఖాస్తు ఏ దశలో ఉందో పదిరోజులకోసారి చూసుకోవచ్చు.

పేరు ఎంత ముఖ్యమో మన చరిత్రలోనే ఉంది. 1951-52 నాటి తొలి సార్వత్రిక ఎన్నికల ముందు దేశంలో సుమారు 28 లక్షల మంది మహిళలు తమ పేరు చెప్పక, ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని మాత్రమే నమోదు చేయించుకున్నారు. నాటి ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్‌ సేన్‌ ఆ నమోదులను ఒప్పుకోలేదు. ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాల్లో వాళ్ల పేర్లు జాబితాకు ఎక్కలేదు. ఇప్పుడు మీ ఇంట్లో ఆడవాళ్ల పేర్లు కార్డు మీద ఎలా ఉన్నాయో, ఆధార్‌లో ఎలా ఉన్నాయో పక్కపక్కన పెట్టి చూడండి. ఇంటిపేరు ఒకచోట పుట్టింటిది, ఇంకోచోట అత్తింటిది ఉంటే ఇప్పుడే ఒకటిగా చేయించండి.

మూడో అడుగు: మీ పేరు మీద ఎవరు దరఖాస్తు పెట్టారో చూడండి

కల్లంలో ఎండిన మిరపకాయను ఏరేటప్పుడు తాలు తీసేయాల్సిందే. తీయకపోతే సరుకుకు రేటు రాదు. కానీ చెయ్యి తొందరపడితే మంచి కాయ కూడా తాలు కుప్పలో పడుతుంది. అందుకే తెలిసిన రైతు ఆ కుప్పను ఒకసారి తిరగేసి చూస్తాడు. ఓటరు జాబితా సవరణ కూడా ఇలాంటిదే. చనిపోయినవారి పేర్లు, రెండుసార్లు ఉన్న పేర్లు పోవాలి. వాటితో పాటు బతికున్నవారి పేరు పోకుండా కుప్ప తిరగేసే పని మనది.

2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఫారం 7 దరఖాస్తులు ఆన్‌లైన్‌లో లక్షల్లో వచ్చిపడ్డాయి. తమ పేరుతో దరఖాస్తు వెళ్లిన సంగతే తమకు తెలియదని చాలామంది చెప్పారు. పోలీసు కేసులు పెట్టారు. 2023లో పర్చూరు నియోజకవర్గంలో ఫారం 7 దరఖాస్తులు పెద్ద వివాదమయ్యాయి. పక్కనున్న కర్ణాటకలో ఆళంద నియోజకవర్గంలో 2023 ఎన్నికల ముందు 6,018 తొలగింపు దరఖాస్తులు వస్తే, విచారణలో 24 మాత్రమే సరైనవని తేలింది.

ఆళంద గొడవ దేశమంతా తెలిశాక, 2025 సెప్టెంబరులో ఎన్నికల సంఘం ఆన్‌లైన్‌ దరఖాస్తులకు ఆధార్‌ ఆధారిత ఈ-సైన్‌ పెట్టింది. ఆధార్‌కు లంకె ఉన్న ఫోన్‌కు ఓటీపీ వస్తుంది, అది కొడితేనే దరఖాస్తు ముందుకు కదులుతుంది. మీ పేరుతో ఇంకొకరు దరఖాస్తు పెట్టడం దీనివల్ల కష్టమవుతుంది. అంతవరకు మంచిదే. కానీ ఆధార్‌కు ఫోన్‌ లంకె లేని వృద్ధురాలికి, సిమ్ము మార్చేసిన కూలీకి, కార్డులో ఒక పేరూ ఆధార్‌లో ఒక పేరూ ఉన్న కోడలికి ఇది అడ్డంకి అవుతుంది. అందుకని రెండు పనులు చేయండి: ఆధార్‌ కేంద్రంలో ఇప్పుడు వాడుతున్న నంబరు లంకె పెట్టించండి. అది కుదరనివాళ్లు కాగితం ఫారం నింపి బీఎల్వో చేతికే ఇవ్వండి, అందినట్టు రసీదు తీసుకోండి.

పేరు పోయిందని తెలిస్తే కోపం తెచ్చుకుని ఊరుకోవద్దు. చట్టంలో దారి ఉంది. ఓటరు నమోదు అధికారి నిర్ణయం మీద 15 రోజుల్లోగా జిల్లా కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా న్యాయం జరగలేదనుకుంటే 30 రోజుల్లోగా రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి రెండో అప్పీలు. 2025లో బిహార్‌లో ప్రత్యేక సవరణ జరిపినప్పుడు ముసాయిదాలో దాదాపు 65 లక్షల పేర్లు లేవు. ఆ పేర్లను, తీసేసిన కారణాలను బయటపెట్టాలని ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించింది. కారణం అడగడం పౌరుడి హక్కని ఆ ఆదేశంతో తేలింది. కారణం అడిగేవాళ్లు ఊరికి నలుగురున్నా ఆ ఊరి జాబితా శుభ్రంగా ఉంటుంది.

నాలుగో అడుగు: ఎలా ఓటేస్తారో ముందే నిర్ణయించుకోండి

పోస్టల్‌ ఓటు మన దేశంలో అందరికీ లేదు. ఎవరికి ఉందో తెలుసుకుంటే ఇంట్లో ఒకటి రెండు ఓట్లు నిలబడతాయి.

85 ఏళ్లు దాటినవారు, 40 శాతం లేదా అంతకుమించి వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం ఉన్నవారు ఇంటి దగ్గరే ఓటేయవచ్చు. మొదట ఇది 80 ఏళ్లకే ఉండేది. ఆ వయసువారిలో అత్యధికులు కేంద్రానికి రావడానికే ఇష్టపడుతున్నారన్న కారణం చూపి 2024 మార్చిలో 85కు పెంచారు. దీనికి ఫారం 12డీ. ఎన్నికల నోటిఫికేషన్‌ వచ్చిన ఐదు రోజుల్లోగా ఇవ్వాలి. ఇది చాలా తక్కువ గడువు. అందుకే తాతయ్య వయసు జాబితాలో సరిగ్గా ఉందా, వైకల్య ధ్రువపత్రం చేతిలో ఉందా అన్నది ఇప్పుడే చూసి పెట్టాలి. ఫారం ఆమోదించాక పోలింగ్‌ సిబ్బంది చెప్పిన రోజున ఇంటికి వస్తారు, వీడియో తీస్తారు, గోప్యంగా ఓటు వేయిస్తారు. ఆ పూట మనిషి ఇంట్లో లేకపోతే రెండోసారి వస్తారు, మూడోసారి రారు. ఒక్కసారి ఇంటి ఓటు కోరుకున్నాక పోలింగ్‌ కేంద్రంలో వేయనివ్వరు. కాబట్టి ముందు తాతయ్యనే అడగండి. బడిదాకా నడిచి వెళ్లి, పదిమందితో కలిసి క్యూలో నిలబడి ఓటేయడమే ఆయనకు గౌరవమనిపిస్తే, ఆ మాటే నెగ్గాలి.

ఎన్నికల విధుల్లో ఉండే ఉద్యోగులకు ఫారం 12. ఫెసిలిటేషన్‌ కేంద్రంలో ఓటేస్తారు. 2024లో రాష్ట్రంలో పోలైన మొత్తం ఓట్లలో పోస్టల్‌ ఓట్లది చిన్న వాటానే అయినా, వాటి మీద వచ్చిన తగాదా సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. పోస్టల్‌ బ్యాలెట్‌తో జతచేసే 13ఏ ప్రకటన మీద ధ్రువీకరించిన అధికారి సంతకం ఉండి, ముద్ర, హోదా లేకపోతే ఓటు చెల్లుతుందా అన్నది ప్రశ్న. రిటర్నింగ్‌ అధికారి నియమించిన అధికారి సంతకం ఉంటే చాలని ఎన్నికల సంఘం చెప్పింది. లెక్కింపునకు ముందురోజు, జూన్‌ 3న, సుప్రీంకోర్టు ఇందులో జోక్యం చేసుకోలేదు. ఉద్యోగులు దీన్నుంచి నేర్చుకోవాల్సింది ఏమిటంటే, సంతకం పెట్టించుకుని కవరు అంటించే ముందు అర నిమిషం ఆగాలి. ప్రకటన మీద మీ సంతకం ఉందా? ధ్రువీకరించిన అధికారి సంతకం, పేరు, ముద్ర ఉన్నాయా? బ్యాలెట్‌ వరుస సంఖ్య ప్రకటన మీదా లోపలి కవరు మీదా ఒకటేనా? శాసనసభ కవర్లు, లోక్‌సభ కవర్లు కలిసిపోలేదు కదా? వేలమందికి ఓటు వేయించే చేత్తో మన ఓటు మనమే చెల్లకుండా చేసుకోకూడదు.

సైన్యంలో ఉన్న పిల్లలు తమ యూనిట్‌ ద్వారా సర్వీసు ఓటరుగా నమోదైతే బ్యాలెట్‌ ఎలక్ట్రానిక్‌గా అందుతుంది, తిరిగి తపాలాలో పంపాలి. అత్యవసర సేవల్లో ఏయే శాఖలవారికి పోస్టల్‌ ఓటు ఉంటుందో ప్రతి ఎన్నికకూ ప్రకటిస్తారు. మీ శాఖ ఉందేమో కనుక్కోండి.

మరి సుగ్గికి వచ్చిన కూలీకి? బేల్దారి మేస్త్రీకి? వాళ్లకు ఈ సదుపాయం ఇంతవరకు లేదు. పోలింగ్‌ రోజు ఊరు చేరడమొక్కటే దారి. పోలింగ్‌ రోజున జీతంతో సెలవు ఇవ్వాలని చట్టం చెబుతోంది, రోజుకూలీకి కూడా. మిరప కోతకు మనుషులను పెట్టుకున్న రైతులారా, మీ చేలో పనిచేసేవారి ఓటు బాధ్యతలో కొంత మీదే. ఎన్నికల తేదీ రాగానే ముఠా మేస్త్రితో మాట్లాడి, వాళ్లు ఊరెళ్లి వచ్చేలా కోత రోజులు సర్దుకోండి.

రాబోయే మార్పులను ఎలా తూచాలి

వలస ఓటర్ల కోసం ఎన్నికల సంఘం 2022 డిసెంబరు 29న రిమోట్‌ ఓటింగ్‌ యంత్రం నమూనా ప్రకటించింది. ఒకే కేంద్రం నుంచి 72 నియోజకవర్గాల ఓట్లు వేయించగలదన్నారు. 2023 జనవరి 16న పార్టీలను పిలిచారు. వలస ఓటరు అంటే ఎవరు, పరాయి రాష్ట్రంలో ఏజెంట్లను ఎలా పెట్టుకోవాలి అని చాలా పార్టీలు అభ్యంతరం చెప్పాయి. అది అక్కడే ఆగింది. అంతకుముందు 2021 అక్టోబరులో తెలంగాణ రాష్ట్ర ఎన్నికల సంఘం ఖమ్మంలో స్మార్ట్‌ఫోన్‌ ఓటింగ్‌ను నమూనాగా జరిపి చూసింది. ప్రవాసులకు 2011 నుంచి ఇక్కడ ఓటరుగా నమోదయ్యే హక్కుంది, కానీ పాస్‌పోర్టుతో స్వయంగా వచ్చి వేయాలి. వారి తరఫున ఇంకొకరు ఓటేసే బిల్లు 2018లో లోక్‌సభ దాటి, తర్వాత మురిగిపోయింది. ఎలక్ట్రానిక్‌ పోస్టల్‌ బ్యాలెట్‌ ఇద్దామన్న 2020 నాటి ప్రతిపాదనా ఇంకా చట్టం కాలేదు.

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులకు ఇక్కడొక హెచ్చరిక. అక్కడ రాష్ట్రానికో పద్ధతి. కాలిఫోర్నియాలో నమోదైన ఓటర్లందరికీ బ్యాలెట్‌ తపాలాలో ఇంటికే వస్తుంది. టెక్సస్‌లో 65 ఏళ్లు నిండడం, అనారోగ్యం, ఊళ్లో లేకపోవడం వంటి కొన్ని కారణాలుంటేనే ఇస్తారు. ఇవన్నీ అక్కడి పౌరులకు మాత్రమే. విద్యార్థి వీసాలో, హెచ్‌1బీలో, గ్రీన్‌కార్డు మీద ఉన్నవారు డ్రైవింగ్‌ లైసెన్సు కాగితాల్లో ఓటరు నమోదు గడి దగ్గర పొరపాటున కూడా టిక్కు పెట్టకూడదు. పౌరుడినని తప్పు చెప్పడం దేశం నుంచి పంపించేసేదాకా వెళ్లగలదు. ఈ వారం ఫోన్‌ చేసినప్పుడు పిల్లలకు ఈ మాట చెప్పండి.

ఏ కొత్త మార్పు ప్రకటించినా పార్టీ చూసి కాక, మూడు ప్రశ్నలతో తూచండి. దీనివల్ల ఎవరి పని తేలికవుతుంది? ఎవరు బయట మిగిలిపోతారు? తప్పు జరిగితే ఎవరిని, ఎన్ని రోజుల్లో అడగాలి? మూడో ప్రశ్నకు జవాబు లేని మార్పును, అది ఎంత ఆధునికంగా కనిపించినా, నిలదీయాలి. ఊరు విడిచి కష్టపడుతున్నవాడికి ఉన్నచోటనే ఓటేసే దారి రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. తమ మాట కోసం నిలబడటం మన ప్రాంతానికి కొత్త కాదు: 1921లో చీరాల-పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఇళ్లు వదిలి గుడిసెల్లో బతికారు, మున్సిపాలిటీ పన్ను విషయంలో తమ మాట చెల్లాలని. పెదనందిపాడు ఫిర్కా రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో శిస్తు కట్టడం మానేశారు. అప్పుడు ఓటు ఆస్తి ఉన్న కొద్దిమందిదే. ఇప్పుడు అందరికీ ఉంది. ఉన్నచోటనే ఓటేసే దారి కావాలని పంచాయతీలో తీర్మానం చేయించండి, ఎన్నికల సంఘానికి ఉత్తరం రాయండి, ఓటడగడానికి వచ్చే అభ్యర్థిని సూటిగా అడగండి.

ఈ వారం అభ్యాసం

ఒక నోటుపుస్తకంలో ఒక పేజీ తీసి ఇంట్లో ప్రతి ఓటరుకు ఒక వరుస రాయండి: పేరు, కార్డు సంఖ్య, పోలింగ్‌ కేంద్రం, జాబితాలో వరుస సంఖ్య, ఆధార్‌కు లంకె ఉన్న ఫోన్‌ నంబరు. పోర్టల్‌లో ప్రతి పేరూ వెతికి, కనపడితే టిక్కు, కనపడకపోతే సున్నా పెట్టండి. సున్నా పడిన పేరుకు ఈ ఏడురోజుల్లోనే ఫారం వెళ్లాలి.

తర్వాత 17 నిండినవారు, 85 దాటినవారు, పెళ్లయి వచ్చినవారు, పనికి పోయినవారు ఇంట్లో ఎవరున్నారో గుర్తుపట్టి, ఒక్కొక్కరికి పైన చెప్పిన ఫారం ఏదో పక్కన రాయండి. ఇంట్లో ఉండే పెద్దవాళ్లతో గుమ్మం దగ్గర చెప్పాల్సిన జవాబు ఒకటి రెండుసార్లు అనిపించండి.

చివరగా మీ వీధిలో ఫోన్‌ వాడటం రానివారి ఇళ్లు ఐదు ఎంచుకుని, వాళ్ల పేర్లు కూడా చూసి పెట్టండి. వాళ్లు ఏ పార్టీకి వేస్తారో అడగవద్దు. మీకు నచ్చని పార్టీకి వేసేవాడి ఓటును కూడా నిలబెట్టినప్పుడే ఈ అలవాటు మీకు పూర్తిగా పట్టుబడినట్టు.

వచ్చే ఏడాది వానలు మొదలైన వారంలో ఇదే పేజీ తెరవండి. తేదీ ఇప్పుడే క్యాలెండర్‌లో రాసుకోండి.